రెండు చక్రాలు, ఒక బాటరీ: ఐర్లండులో మనవాళ్ళ కొత్త బండి
(మహాసభలలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభల్లో భాష గురించీ, సాహిత్యం గురించీ, పిల్లల పెంపకం గురించీ మాట్లాడేవారికి కొదవలేదు. నేను ఒక బండి గురించి మాట్లాడతానంటే కార్యవర్గం వారు ముందు కాస్త వింతగా చూశారు. ఆటోమొబైల్ డీలరునేమో అని అనుమానపడ్డారు కూడా. కాదండీ. డబ్లిన్‌లో చాలా ఏళ్ళుగా ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి. 2020 నుంచీ ఎలక్ట్రిక్ సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళివస్తున్నవాణ్ణి. అంతకు మించి నాకు అర్హతలేం లేవు.

ముందుగా ఒక మాట తేల్చుకుందాం. మనకు స్కూటర్ అంటే బజాజ్ చేతక్. తరవాత తరానికి యాక్టివా. కూర్చుని, ముందు పిల్లాణ్ణి నిలబెట్టుకుని, వెనక భార్యను ఎక్కించుకుని, కాళ్ళ దగ్గర బియ్యం బస్తా పెట్టుకుని వెళ్ళేది. ఐర్లండులో ఈ-స్కూటర్ అంటే నిలబడి వెళ్ళే పలక. దానికి సీటు ఉండదు, ఉండకూడదు కూడా. మా బంధువులబ్బాయి డబ్లిన్ వచ్చిన కొత్తలో స్కూటర్ కొన్నానని ఖమ్మంలో ఉన్న వాళ్ళమ్మగారికి ఫోనులో చెప్తే, ఆవిడ మొదట అడిగిన మాట "డిక్కీ పెద్దదేనా నాన్నా?" అని. ఆవిడకు ఫొటో పంపాక ఇంకో ప్రశ్న వచ్చింది: "మరి కూర్చునేది విడిగా కొనాలా?" నవ్వుకోవటానికి చెప్పటంలేదు. ఒకే మాటకు రెండు దేశాల్లో రెండు అర్థాలు ఉండటంవల్ల మన పిల్లలు నిజంగా చిక్కుల్లో పడుతున్నారు. ఆ సంగతి తరవాత వస్తుంది.

సైకిలుకు ఐర్లండు కొత్త కాదు. అసలు మనం ఈ రోజు ఎక్కే ప్రతి సైకిలు చక్రంలోనూ ఆ ద్వీపం ఉంది. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడుగా ఉన్న జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల సైకిలు కుదుపులు తగ్గించటానికి రబ్బరు గొట్టంలో గాలి నింపి చూశాడు. 1888లో పేటెంటు తీసుకున్నాడు. 1889లో ఆ టైర్ల కంపెనీ డబ్లిన్‌లో మొదలైంది. మన ఊళ్ళలో సైకిలుషాపు గోడమీద రాసి ఉండే డన్‌లప్ పేరు అక్కడినుంచి వచ్చిందే. అంత చరిత్ర ఉన్న దేశంలో కూడా నేను వెళ్ళిన కొత్తలో రోజూ సైకిలు తొక్కేవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. వాన కన్నా గాలి అసలు శత్రువు. పడమటి గాలి ఎదురుకొట్టిన రోజున పది కిలోమీటర్లు తొక్కితే, ఆఫీసుకు చేరేసరికి పొలంలో దుక్కి దున్ని వచ్చినట్టుంటుంది. బాటరీ వచ్చాక ఆ గాలి బెడద తగ్గింది. నా లెక్కలో ఎలక్ట్రిక్ సైకిలు అక్కడ జనానికి పట్టుబడటానికి పర్యావరణ స్పృహ కంటే ఈ గాలే ముఖ్య కారణం.

ఇక మనవాళ్ళ సంగతి. 2022 ఏప్రిల్ 3న జరిగిన జనాభా లెక్కల ప్రకారం ఐర్లండులో భారత పౌరులు 45,449 మంది. అందులో తెలుగువాళ్ళు ఎక్కడ చూసినా కనిపిస్తారు. ఆసుపత్రుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, మందుల ఫాక్టరీల్లో, ఇక ఎమ్మెస్సీ చదువుకు వచ్చిన పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. కొత్తగా దిగినవాడికి కారు ఎందుకు కుదరదో అమెరికానుంచి వచ్చిన మిత్రులకు కొంచెం వివరించాలి. అక్కడ మన దేశపు లైసెన్సు తీసుకుని వాళ్ళ లైసెన్సు ఇవ్వరు. థియరీ పరీక్ష, లెర్నర్ పర్మిట్, శిక్షకుడి దగ్గర పాఠాలు, ఆ తరవాత డ్రైవింగు టెస్టు. 2025లో ఆ టెస్టు తేదీకోసం నెలల తరబడి ఎదురుచూసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. లెర్నర్ పర్మిట్ మీద ఉన్నవాడికి ఇన్సూరెన్సు కంపెనీ చెప్పే ధర వింటే కారు కొన్న సంతోషం ఆ పూటే పోతుంది. ఇళ్ళ అద్దెలు భరించలేక పిల్లలు ఊరికి దూరంగా, లూకన్‌లోనో బ్లాంచర్డ్‌స్‌టౌన్‌లోనో టాలాలోనో ఉంటారు. బస్సు చార్జీ మరీ ఎక్కువేం కాదు, అది ఒప్పుకోవాలి. కాని తెల్లవారుఝామున ఆరు గంటలకు షిఫ్టు ఉన్న నర్సమ్మకూ, రాత్రి పదకొండింటికి గిడ్డంగిలో పని ముగించుకునే కుర్రాడికీ బస్సు వేళలు కుదరవు. రెండు బస్సులు మారి గంటన్నర పట్టే దారి ఎలక్ట్రిక్ సైకిలు మీద నలభై నిమిషాలు.

ఖర్చు లెక్క చెప్తాను, మనవాళ్ళకు అది లేకుండా ముద్ద దిగదు. మామూలు ఎలక్ట్రిక్ సైకిలు బాటరీ 500 వాట్-అవర్లు, అంటే అర యూనిట్ కరెంటు. యూనిట్ ముప్పై అయిదు సెంట్లు వేసుకున్నా ఒకసారి నింపటానికి పద్ధెనిమిది సెంట్లు. దానిమీద మనిషి బరువునుబట్టి, గాలినిబట్టి నలభై, యాభై కిలోమీటర్లు పోవచ్చు. కొనటానికి ప్రభుత్వ పథకం ఒకటి ఉంది, 'సైకిల్ టు వర్క్' అని. 2009లో మొదలైంది. యజమాని కొనిచ్చి, ఆ సొమ్మును పన్ను వేయకముందే మన జీతంలోంచి వాయిదాలుగా మినహాయించుకుంటాడు. 2020లో ఎలక్ట్రిక్ సైకిలుకు ఆ పరిమితిని 1,500 యూరోలు చేశారు. 2023లో పిల్లల్నీ సామాన్లనూ మోసే కార్గో సైకిళ్ళకు 3,000 యూరోలు చేశారు. నాలుగేళ్ళకొకసారి వాడుకోవచ్చు. పై శ్లాబులో పన్ను కట్టేవాడికి బండి సగం ధరకు వచ్చినట్టే. మా ఆఫీసులో మనవాళ్ళు పదిమంది దాకా అలా తీసుకున్నారు. కాని గమనించండి, ఇది జీతం తీసుకునేవాడికి, అదీ యజమాని ఒప్పుకుంటే. అన్నిటికంటే అవసరం ఉన్న విద్యార్థికి సాధారణంగా అందదు. నిలబడి వెళ్ళే స్కూటర్లు ఈ పథకంలోకి రావు. అందుకని విద్యార్థి ఏంచేస్తాడు? ఇంటర్నెట్లో ప్రకటన చూసి, ఎవరో అమ్మే సెకండ్ హాండ్ బండి కొంటాడు. కథంతా అక్కడే మొదలవుతుంది.

2023 చలికాలంలో ఒక రాత్రి పదకొండు గంటలకు నాకు ఫోనొచ్చింది. పల్నాడు వైపునుంచి వచ్చిన కుర్రాడు, ఎమ్మెస్సీ చదువుతున్నాడు. బంగారంలాంటి పిల్లాడు. గార్డాలు, అంటే అక్కడి పోలీసులు, దారిలో ఆపి బండి తీసుకెళ్ళిపోయారు. ఏడుపు గొంతుతో అడుగుతున్నాడు: "సైకిలే కదా అంకుల్, సైకిలుకి ఇన్సూరెన్సేంటి అంకుల్?" మర్నాడు అమ్మినవాడు పంపిన ఫొటోలు చూపించాడు. పెడల్స్ ఉన్నాయి, గంట ఉంది, చూడటానికి సైకిలే. మోటారు మాత్రం వెయ్యి వాట్లు. హాండిల్ మీద ఆక్సిలరేటర్. తొక్కకుండానే గంటకు నలభై అయిదు కిలోమీటర్లు పోతుంది. మోటారు మీద 250 అని స్టిక్కరు అంటించి ఉంది. ఐర్లండు చట్టం దృష్టిలో అది సైకిలు కాదు, మోటారు వాహనం. రిజిస్ట్రేషన్, టాక్సు, లైసెన్సు, ఇన్సూరెన్సు, హెల్మెట్ అన్నీ కావాలి. ఇన్సూరెన్సు లేకుండా మోటారు వాహనం నడపటం అక్కడ కోర్టుదాకా పోయే నేరం. కోర్టు కాగితం వచ్చిన సంగతి వాళ్ళ నాన్నగారికి చెప్పలేదు వాడు. పరీక్షల మధ్యలో రెండుసార్లు కోర్టుకు వెళ్ళివచ్చాడు. పదమూడు వందల యూరోల బండి పోయింది. వాడి తప్పేమిటి అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. మోసపోయాడు, అంతే. ఎవరో ఒకరు ముందు చెప్పి ఉంటే ఆ స్టిక్కరును నమ్మేవాడు కాదు.

అందుకని చట్టం ఏం చెప్తుందో రెండు నిమిషాలు ఓపిక పట్టి వినండి. పిల్లల్ని ఐర్లండు పంపబోయేవాళ్ళు మరీ శ్రద్ధగా వినండి. 2023లో రోడ్ ట్రాఫిక్ అండ్ రోడ్స్ చట్టం వచ్చింది. ఎలక్ట్రిక్ సైకిలుకు హద్దులు రెండు: మోటారు శక్తి 250 వాట్లు దాటకూడదు, వేగం 25 కిలోమీటర్లకు చేరగానే మోటారు సాయం ఆగిపోవాలి. పైగా మనం తొక్కుతుంటేనే అది తోడు రావాలి. అప్పుడే అది సైకిలు, లైసెన్సు అక్కర్లేదు. మన దేశంలో కూడా ఇవే అంకెలు ఉన్నాయి. 250 వాట్లు, 25 కిలోమీటర్లు దాటని బండికి రిజిస్ట్రేషన్ లేదు, లైసెన్సు లేదు. గుంటూరులోనో వరంగల్‌లోనో ఇంటరు చదివే పిల్ల కూర్చుని వెళ్ళే చిన్న ఎలక్ట్రిక్ స్కూటర్ అలాంటిదే. ఆ అలవాటుతో వచ్చినవాడు అంకెలు సరిపోయాయి కదా అనుకుంటాడు. తొక్కకుండా పోయే బండి ఐర్లండులో సైకిలు కాదన్న ముక్క వాడికి తెలియదు. అంకెలు ఒకటే, అర్థం వేరు.

నిలబడి వెళ్ళే స్కూటర్ సంగతి: చాలా ఏళ్ళు అవి రోడ్డుమీద తిరుగుతూనే ఉన్నా చట్టంలో వాటికి చోటు లేదు. 2024 మే 20నుంచి చోటిచ్చారు. గంటకు 20 కిలోమీటర్లు, 400 వాట్లు, బాటరీతో కలిపి 25 కిలోల బరువు, ఈ మూడూ మించకూడదు. పదహారేళ్ళు నిండాలి. ఫుట్‌పాత్ ఎక్కకూడదు, రెండో మనిషిని ఎక్కించుకోకూడదు, సరుకులు మోయకూడదు, చేతిలో ఫోను ఉండకూడదు. ముందూ వెనకా దీపాలు, బ్రేకులు, గంట ఉండాలి. ఆ నియమాల్లో హెల్మెట్ తప్పనిసరి చేయలేదు. నాకు ఇది నచ్చలేదు. పెద్దవాళ్ళు తమ పుట్టినరోజు కానుకల్లో పన్నెండేళ్ళ పిల్లలకు ఈ స్కూటర్లు కొనివ్వటం మన ఇళ్ళల్లో కూడా చూశాను. తలకు దెబ్బలు తగిలి వచ్చే పిల్లల గురించి అక్కడి డాక్టర్లు పదేపదే చెప్తున్నారు. పదహారు అన్నది ఊరికే పెట్టిన అంకె కాదు. కొన్న తండ్రిని నేను మొహమాటం లేకుండా అడిగాను, ఆయన నాతో మూణ్ణెల్లు మాట్లాడలేదు. ఫరవాలేదు.

భోజనాలు చేరవేసే పని గురించి చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తికాదు. డబ్లిన్‌లో సాయంత్రం ఏ వీధిలో చూసినా చదరపు సంచీ వీపున వేసుకుని ఎలక్ట్రిక్ సైకిళ్ళమీద పోయే కుర్రాళ్ళే. బ్రెజిల్ పిల్లలు ఎక్కువ, మన పిల్లలూ ఉన్నారు. విద్యార్థి వీసాకు స్టాంప్ టూ అంటారు. చదువు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు, సెలవుల్లో 40 గంటలు ఉద్యోగం చేయవచ్చు. కాని స్వయం ఉపాధి పనికిరాదు. ఈ చేరవేత పని ఎక్కువగా స్వయం ఉపాధి లెక్కలోకే వస్తుంది. కాబట్టి వేరేవాళ్ళ పేరుమీద ఉన్న ఖాతాను వారానికింత అని అద్దెకు తీసుకుని నడుపుతారు. ఇప్పుడు లెక్క వేసుకోండి. ఖాతా వీడిది కాదు, బండి చట్టానికి లోబడింది కాదు, ఇన్సూరెన్సు లేదు. వానలో, చీకట్లో, ఆర్డరుకు ఆలస్యమవుతోందని తొందర. వీడికేదైనా అయితే ఆ కంపెనీ రికార్డుల్లో వీడి పేరే ఉండదు. నేను వాళ్ళను తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. ఫీజులకు అప్పుచేసి పంపిన ఇంటిమీద ఇంకో భారం వేయకూడదనే వాళ్ళా పని చేస్తారు. కాని ఆ తల్లిదండ్రుల్లో ఎంతమందికి ఇది తెలుసు? "బాబు పార్ట్ టైం చేసుకుంటున్నాడు" అని చెప్పుకుంటారు. ఏ పని, ఏ బండి అని ఒక్కసారి అడగండి.

2025 వేసవిలో డబ్లిన్‌లో భారతీయుల మీద దాడులు జరిగాయి. ఆగస్టు 1న మన రాయబార కార్యాలయం, నిర్మానుష్యంగా ఉండే చోట్లకు వేళకాని వేళ వెళ్ళవద్దని సూచన ఇచ్చింది. అది చదివి మా ఊరినుంచి ఒకాయన ఫోను చేసి, "మా అమ్మాయిని ఆ సైకిలు మాన్పించమంటారా?" అని అడిగారు. మాన్పిస్తే అదే వేళకు బస్‌స్టాపులో ఒంటరిగా నిలబడాలి. దారి మార్చుకోమన్నాను. కాలవగట్టు దారి పగలు ఎంత అందమో రాత్రి అంత నిర్జనం. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా దీపాలున్న పెద్ద రోడ్డు మీదుగా రమ్మన్నాను. బాటరీ ఉంది కాబట్టి ఆ రెండు కిలోమీటర్లు కాళ్ళకు తెలియవు.

చలికాలం గురించి కూడా. డిసెంబరులో అక్కడ ఉదయం ఎనిమిదిన్నర దాటితేగాని తెల్లవారదు, సాయంత్రం నాలుగుంపావుకల్లా చీకటి. దీపాలూ, మెరిసే పసుపు కోటూ లేకుండా బయలుదేరకూడదు. లూవాస్ అని ట్రాము ఉంది. దాని పట్టాల సందులో సైకిలు చక్రం ఇరుక్కుందంటే మనిషి ఎగిరి పడతాడు. పట్టాల్ని ఎప్పుడూ అడ్డంగా దాటాలి, ఏటవాలుగా కాదు. వానపడితే ఇనుము సబ్బులా జారుతుంది. ఇంకొకటి, దొంగలు. ఒక మంచి తాళానికి పెట్టే డబ్బు గురించి ఆలోచించకండి, రెండు తాళాలు కొనండి. బాటరీ విప్పి వెంట తీసుకెళ్ళండి.

బాటరీ అన్నాను కాబట్టి, అసలు చెప్పటానికి వచ్చిన సంగతికి వచ్చాను.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగు పెట్టిన స్కూటర్ బాటరీ పేలి ఎనభై ఏళ్ళ పెద్దాయన చనిపోయారు. కొద్ది రోజులకే విజయవాడలో పడకగదిలో చార్జింగు పెట్టిన బాటరీ తెల్లవారుఝామున పేలి ఆ ఇంటి యజమాని కాలిపోయి చనిపోయాడు. అదే సంవత్సరం సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో సెల్లారులో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో నిప్పు పుట్టింది. పొగ పైన ఉన్న లాడ్జిలోకి ఎక్కి ఎనిమిదిమంది ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది జరిగిన ప్రమాదాల తరవాతే మన దేశంలో బాటరీల పరీక్షా ప్రమాణాలు బిగించారు. డిసెంబరులో మొదటి విడత, 2023 మార్చి ఆఖరుకు రెండో విడత అమలులోకి వచ్చాయి. న్యూయార్క్ నగరంలో 2023 ఒక్క సంవత్సరంలో లిథియం బాటరీల మంటల్లో 18 మంది చనిపోయారు. 2024 ఫిబ్రవరిలో హార్లెంలో అలాంటి మంటల్లోనే 27 ఏళ్ళ భారతీయ పాత్రికేయుడు ఒకరు పోయారు. అతను ఆ బండి నడిపినవాడు కాదు, ఆ భవనంలో ఉన్నవాడు.

ఈ మంట మామూలు మంట కాదు. బాటరీలో పదులకొద్దీ చిన్న సెల్స్ ఉంటాయి. ఒకటి లోపల దెబ్బతిని వేడెక్కితే ఆ వేడి పక్కదాన్ని అంటుకుంటుంది, అది ఇంకోదాన్ని. దీపావళి రోజున సీమటపాకాయల దండ అంటుకున్నట్టు. పొగ విషం. ఆర్పాం అనుకున్నాక మళ్ళీ రాజుకుంటుంది. మనిషికి దొరికే సమయం నిమిషాల్లో కూడా కాదు.

ఇప్పుడు డబ్లిన్‌లో మన పిల్లలుండే ఒక ఇంటికి రండి. నేను వెళ్ళాను, ఉగాది పచ్చడి ఇవ్వటానికి. మూడు గదుల ఇల్లు, తొమ్మిదిమంది. తలుపు తీయగానే మెట్లు. ఆ మెట్ల కింద ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఐదు బాటరీలు గుచ్చి ఉన్నాయి. పక్కనే చెప్పులు, చలికోట్లు. రాత్రి పనిచేసి వచ్చినవాళ్ళు పైన పడుకుని ఉన్నారు. ఆ ఇంటికి బయటకు దారి ఆ మెట్లొక్కటే. నేను పచ్చడి డబ్బా చేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను. సికింద్రాబాద్‌లో పొగ ఎక్కిందీ మెట్లవెంటే.

ఆ రోజు వాళ్ళకు చెప్పినవే మీకూ చెప్తున్నాను. బండితో వచ్చిన చార్జరే వాడాలి, రూములో ఎవడిదో సరిపోయింది కదా అని గుచ్చకూడదు. పడుకునే ముందు పెట్టి, లేచాక తీయటం మానుకోవాలి. గుమ్మానికీ మెట్లకూ అడ్డంగా ఎప్పుడూ పెట్టకూడదు. కిందపడిన బాటరీని, నీళ్ళలో నానినదాన్ని, ఉబ్బినదాన్ని, వింత వాసన వచ్చేదాన్ని "ఇంకో వారం చూద్దాం" అనకుండా అమ్మిన షాపుకో, పాత బాటరీలు తీసుకునే చోటికో పంపేయాలి. ఎవరో ఇంట్లో సెల్స్ అతికి తయారుచేసిన బాటరీ ఎంత చవకైనా వద్దు. ఇంట్లో స్మోక్ అలారం కూస్తోందని దాని నోరు మూయకూడదు. పోపు పెట్టినప్పుడల్లా మోగుతోందని ఆ ఇంట్లో అలారానికి ప్లాస్టిక్ సంచీ కట్టి ఉంచారు! సంచీ నేనే విప్పాను. ఆ సాయంత్రమే మిగిలిన యాభై యూరోలు వేసి వంటింట్లో వేడికి మాత్రమే మోగేది ఒకటీ, మెట్ల దగ్గర పొగకు మోగేది ఒకటీ తెప్పించాం. 2024 అక్టోబరులో ఐర్లండు రవాణా అధికారులు బస్సుల్లోకీ రైళ్ళలోకీ ఈ-స్కూటర్లను రానివ్వకుండా నిషేధించింది కూడా ఈ మంటల భయంతోనే. ప్రభుత్వం బస్సు గురించి భయపడితే, మనం నిద్రపోయే ఇంటి గురించి ఎంత భయపడాలి?

ఇన్ని భయాలు చెప్పి మిమ్మల్ని బండికి దూరం చేశానేమో. అది నా ఉద్దేశం కాదు. పోయిన వేసవిలో మా మామగారూ అత్తగారూ వచ్చారు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, అరవై ఎనిమిదేళ్ళు. వాటర్‌ఫర్డ్‌నుంచి డంగార్వన్‌దాకా పాత రైలుదారిని 2017లో సైకిళ్ళ బాటగా తెరిచారు, 46 కిలోమీటర్లు. అక్కడ ఎలక్ట్రిక్ సైకిళ్ళు అద్దెకిస్తారు. నలభై ఏళ్ళు మండలంలో బడికి సైకిలు మీదే వెళ్ళిన మనిషి, మొదట "మోటారు సాయం నాకెందుకు" అని బెట్టు చేశారు. పది కిలోమీటర్లు దాటాక గుట్టుగా మీట నొక్కారు. పాత రైలు సొరంగంలోంచి బయటికొచ్చి సముద్రం కనిపించినప్పుడు, వెనక్కి తిరిగి అత్తగారితో "చూశావా, రిటైరయ్యాక కూడా ఇంక్రిమెంటు వచ్చింది" అన్నారు.

మా ఊళ్ళో కొందరం కలిసి ఒక చిన్న పని మొదలుపెట్టాం. సెప్టెంబరులో కొత్త విద్యార్థులు దిగిన తరవాత ఒక ఆదివారం అందర్నీ పిలుస్తాం. ముందు ఇడ్లీ, తరవాత బండి. ఎవరైనా బండి కొనబోతుంటే, డబ్బు ఇవ్వకముందు ఫొటోలు మాకు పంపమంటాం. మోటారు మీద రాసిందాన్ని కాదు, తొక్కకుండా కదులుతుందా, 25 దాటాక కూడా తోస్తుందా అని నడిపి చూస్తాం. బాటరీ మీద తయారీదారు పేరు, చార్జరు వోల్టేజీ సరిపోల్చుతాం. ఉద్యోగాలున్నవాళ్ళు కొత్త సైకిలు తీసుకున్నప్పుడు పాతదాన్ని ప్రకటనలో పెట్టకుండా ముందు మన పిల్లలకు చెప్పమని అడుగుతున్నాం. ఇప్పటికి కొన్ని అలా చేతులు మారాయి. లండన్‌నుంచీ, జర్మనీనుంచీ వచ్చిన సంఘాలవారు ఇక్కడ ఉన్నారు. మీ దేశాల నియమాలు వేరుగా ఉంటాయి, కాని మెట్ల కింద ఎక్స్‌టెన్షన్ బోర్డులు ఎక్కడైనా ఒకటే.

భోజనాలకు ముందు అరగంట సమయం ఉందని అధ్యక్షులవారు సైగ చేస్తున్నారు. ఈ హాలు వెనక పార్కింగులో రెండు ఎలక్ట్రిక్ సైకిళ్ళు పెట్టాం, హెల్మెట్లూ ఉన్నాయి. ఒకదానికి గొలుసు పూర్తిగా మూసి ఉంటుంది, చీర కట్టుకున్నవాళ్ళు కూడా నిశ్చింతగా ఎక్కవచ్చు. స్టాండు తీసి, ఒక కాలు నేలమీద ఉంచి, మొదటి తొక్కు మాత్రం మెల్లిగా తొక్కండి.